నాలుగు కోర్ల లాప్‌టాప్ వాళ్ల తరఫున లినస్ టోర్వాల్డ్స్ గారికి

గౌరవనీయులు లినస్ టోర్వాల్డ్స్ గారికి, లినక్స్ కెర్నెల్ మెయింటెయినర్లందరికీ,

అడగదలుచుకున్నది ముందే అడిగేస్తాను, కారణాలు తర్వాత చెబుతాను. కొత్త కెర్నెల్ వేసుకున్నాక పాత ప్రోగ్రాం ఏదైనా పనిచేయడం మానేస్తే మీరు దాన్ని రిగ్రెషన్ అంటారు. ఆ మార్పు చేసింది ఎంత పెద్ద మెయింటెయినర్ అయినా సరే, మొహమాటం లేకుండా వెనక్కి తీయిస్తారు. కెర్నెల్ బిల్డ్ కావడానికి పట్టే సమయం పెరిగితే దాన్నీ అలాగే రిగ్రెషన్ కింద జమకట్టండి. కొలిచేది మాత్రం మీ మెషీన్ మీద కాదు, నాలుగు కోర్లు, ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న మామూలు లాప్‌టాప్ మీద కొలవండి.

ఇది తెలుగులో రాస్తే మీకు ఎలా అందుతుందని ఎవరైనా అడగొచ్చు. మీ ట్రీకి ప్యాచ్‌లు పంపేవాళ్లలో, పంపుదామని కూర్చుని మధ్యలో లేచి వెళ్లిపోయినవాళ్లలో తెలుగువాళ్లు బోలెడంత మంది. వాళ్లు చదివి, నిజమే అనుకుంటే మీకు బాగా అర్థమయ్యే రూపంలోనే పంపుతారు. అంటే ప్యాచ్ రూపంలో.

నేను హైదరాబాద్‌లో డ్రైవర్లు రాసుకుని బతికేవాణ్ని. ఆఫీసులో నాకు బిల్డ్ కోసం కాచుక్కూర్చునే బాధ లేదు. బిల్డ్ సర్వర్‌కు పని అప్పజెప్పి కింద టీ తాగి వచ్చేసరికి అయిపోయి ఉంటుంది. ఈ ఉత్తరం నా కోసం కాదు. కెర్నెల్ నేర్చుకుంటామని వచ్చే ఇంజినీరింగ్ పిల్లలకు తీరిక దొరికినప్పుడు నాలుగు మాటలు చెబుతుంటాను. వాళ్ల దగ్గర ఉండేది బ్యాంకు లోను మీదో, అన్న పాతది ఇస్తేనో చేతికొచ్చిన లాప్‌టాప్. మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే: సోర్స్ తెచ్చుకో, కాన్ఫిగ్ పెట్టుకో, మేక్ అని కొట్టు. ఆ మొదటి పాఠం దగ్గరే సగం మంది జారిపోతారు. సీ రాకపోవడం వల్లా కాదు, పాయింటర్లు అర్థం కాకపోవడం వల్లా కాదు. బిల్డ్ పూర్తి కాకపోవడం వల్ల.

ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూపిస్తాను. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా చెప్పేది ఒకటే కదా, బూట్ డైరెక్టరీలో డిస్ట్రో వాళ్ల కాన్ఫిగ్ ఉంటుంది, అది కాపీ చేసుకోమని. పిల్ల కాపీ చేస్తుంది. మేక్ కొడుతుంది. కాసేపటికే సర్టిఫికెట్ ఫైలు లేదంటూ బిల్డ్ ఆగిపోతుంది. ఎందుకంటే ఆ కాన్ఫిగ్‌లో డిస్ట్రో వాళ్లు తమ సంతకం కోసం పెట్టుకున్న పెమ్ ఫైలు దారి అలాగే ఉండిపోయింది. అది ఖాళీ చేసి మళ్లీ మొదలుపెడుతుంది. గంట గడుస్తుంది. ఫోన్ చేసి, "అన్నా, ఇంకా డ్రైవర్స్ లోపలే తిరుగుతోంది. జీపీయూ, డీఆర్ఎం, ఏఎమ్‌డీ అని వస్తోంది. నాది ఇంటెల్ కదన్నా?" అంటుంది. ఇంటెలే తల్లీ. కానీ డిస్ట్రో కాన్ఫిగ్ అంటే లోకంలో ఉన్న ప్రతి మెషీన్ మీదా బూట్ కావాల్సిన కాన్ఫిగ్. అందులో నీ ఇంట్లో లేని గ్రాఫిక్స్ కార్డు డ్రైవరూ ఉంటుంది, నువ్వు జన్మలో చూడని టీవీ ట్యూనర్ డ్రైవరూ ఉంటుంది. ఆ ఏఎమ్‌డీ డ్రైవర్ ఒక్కటే లక్షల వరుసలు. అందులో అధిక భాగం చిప్ రిజిస్టర్ల పేర్లతో నిండిన హెడర్లు. తప్పు ఆ డ్రైవర్ రాసినవాళ్లది కాదు, వాళ్ల చిప్ అంత పెద్దది. అయితే ఈ పిల్ల లాప్‌టాప్ ఫ్యాన్‌కు ఆ సంగతి తెలియదు కదా. మే నెలలో రామగుండంలో కూర్చుని నాలుగు కోర్లూ నూటికి నూరు శాతం నడిపిస్తే పది నిమిషాల్లోనే ప్రాసెసర్ వేడెక్కి తన వేగం తనే తగ్గించుకుంటుంది. దాంతో రెండు గంటల పని మూడు గంటలవుతుంది.

ఆ మూడు గంటలూ ఓపిక పట్టినవాళ్లకు చివర్లో ఉంటుంది అసలు దెబ్బ. డిస్ట్రో కాన్ఫిగ్‌లో డీబగ్ సమాచారం ఆన్ చేసి ఉంటుంది. ఒక్కో ఆబ్జెక్ట్ ఫైలూ దానితో ఉబ్బి, బిల్డ్ డైరెక్టరీ అనేక జీబీలకు పెరిగిపోతుంది. అన్నీ కలిపి విఎమ్‌లినక్స్ అనే ఒకే ఫైలుగా లింక్ అయ్యే చోట, ఆ తర్వాత బీటీఎఫ్ అనే టైపుల సమాచారం కోసం పహోల్ అన్న సాధనం నడిచే చోట ర్యామ్ చాలక కెర్నెలే ఆ ప్రాసెస్‌ను చంపేస్తుంది. పాత కెర్నెల్ కొత్త కెర్నెల్‌ను పుట్టనివ్వదన్నమాట. లేదంటే డిస్క్ నిండిపోతుంది. తెర మీద ఎర్రర్ రెండే వరుసలు. ఆ రెండు వరుసలు చూసి ఆ పిల్ల వెబ్ డెవలప్‌మెంట్‌కు వెళ్లిపోతుంది. వెళ్లడం తప్పని అనను. ఆమెను పంపించింది ఆమె ఇష్టమా, మీ బిల్డా అన్నదే నా గోల.

దీనికి విరుగుడు లేదా అంటే ఉంది, అదీ మీ ట్రీలోనే ఉంది. స్టీవెన్ రోస్టెడ్ట్ 2009లో తెచ్చిన లోకల్‌మాడ్‌కాన్ఫిగ్. ఆ కమాండ్ కొట్టిన సమయానికి మెషీన్‌లో ఏయే మాడ్యూళ్లు లోడై ఉన్నాయో చూసి, వాటిని మాత్రమే ఉంచి మిగిలినవన్నీ కాన్ఫిగ్‌లోంచి తీసేస్తుంది. డీబగ్ సమాచారం కూడా ఆపేస్తే గంటల బిల్డ్ నిమిషాల్లోకి దిగుతుంది. నా దృష్టిలో కెర్నెల్ బిల్డ్ విషయంలో కొత్తవాళ్లకు ఇంతకంటే మేలు చేసిన స్క్రిప్టు లేదు. దాని పేరే చాలామందికి తెలియదు, అదే విచారం. 2023లో థార్‌స్టెన్ లీమ్‌హ్యూస్, అక్కర్లేనివి కత్తిరించిన కెర్నెల్‌ను త్వరగా బిల్డ్ చేసుకోవడం ఎలాగో చెబుతూ మీ డాక్యుమెంటేషన్‌లో ఒక గైడ్ చేర్చారు. ఏ ఫైలు కాపీ చేయాలి, ఎక్కడ సర్టిఫికెట్ల చిక్కు వస్తుంది, డీబగ్ ఎలా ఆపాలి, ఎంత చోటు కావాలి అని పక్కన కూర్చుని చెప్పినట్టు రాశారు. ఆయనకు చేతులెత్తి దండం పెట్టాలి. కానీ ఆ గైడ్ అడ్మినిస్ట్రేటర్ల విభాగంలో, పొడవాటి జాబితా మధ్య ఉంది. రీడ్‌మీ తెరిచిన పిల్లకు మొదట కనపడాల్సింది అదే.

లోకల్‌మాడ్‌కాన్ఫిగ్‌కూ ఒక మెలిక ఉంది. ఆ క్షణాన లోడై లేని మాడ్యూల్ దాని దృష్టిలో లేనట్టే. మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉండదు, ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్‌లో నెట్ వాడుకుంటారు. కాన్ఫిగ్ చేసే సమయానికి ఆ వైరు తగిలించి లేకపోతే ఆర్‌ఎన్‌డీఐఎస్ మాడ్యూల్ కొత్త కెర్నెల్‌లోకి రాదు. కొత్త కెర్నెల్ దర్జాగా బూట్ అవుతుంది, నెట్ మాత్రం రాదు. సమాధానం వెతుక్కోవడానికి కావాల్సిందేమో ఆ నెట్టే! అందుకే నేను ముందుగా చెప్పేది, నీ దగ్గరున్న వైర్లన్నీ తగిలించు, పెన్‌డ్రైవ్, హెడ్‌సెట్, ఫోన్, అన్నీ. ఆ తర్వాతే ఆ కమాండ్ కొట్టు. ఇంకొందరికి వర్ట్‌మీ-ఎన్‌జీ చూపిస్తాను. కనీస కాన్ఫిగ్‌తో బిల్డ్ చేసి, ఉన్న సిస్టమ్ ఫైళ్లతోనే వర్చువల్ మెషీన్‌లో బూట్ చేసి చూపిస్తుంది. షెడ్యూలర్‌లోనో మెమరీలోనో చిన్న మార్పు చేసి చూసుకోవాలనుకునేవాళ్లకు అంతకు మించి అక్కర్లేదు.

సీక్యాష్ సంగతి వేరే చెప్పాలి. ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన ఆ చిన్న ప్రోగ్రాం, ఒకసారి కంపైల్ చేసిన ఫైలును మళ్లీ అదే రూపంలో అడిగితే దాచుకున్న ఆబ్జెక్టును తీసి ఇస్తుంది. బ్రాంచులు మారుస్తూ, మేక్ క్లీన్ కొడుతూ ఉండేవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. కానీ బిల్డ్ సమయం ముద్ర ప్రతిసారీ మారకుండా ఒకే విలువకు కట్టేయాలి, లేకపోతే క్యాష్ మొత్తం దండగ అని మీ డాక్యుమెంటేషనే చెబుతోంది. ఎక్కడ చెబుతోంది? క్లాంగ్‌తో బిల్డ్ చేయడం గురించిన పేజీలో ఒక మూల. జీసీసీ వాడే పిల్లవాడు ఆ పేజీ ఎందుకు తెరుస్తాడు?

ఇవన్నీ వాడుకునేవాడి వైపు చిట్కాలు. వీటితోనే సరిపెట్టుకోవచ్చు కదా అంటే, పనికిరాని ఫైళ్లను బిల్డ్‌లోంచి తీసేయడం వరకే ఇవి. పనికొచ్చే ఫైలు ఒక్కొక్కటీ కంపైల్ కావడానికి ఎందుకంత సేపు పడుతోందన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు వాడేవాడి చేతిలో లేదు, మీ చేతిలో ఉంది. ఆ జవాబు హెడర్ ఫైళ్లు.

ఇంగో మోల్నార్ చేసిన పని మీకు నేను గుర్తుచేయాలా! 2022 జనవరి 2న ఆయన 2,297 ప్యాచ్‌ల వరుస ఒకటి ప్రకటించారు. 2020 చివర్లో మొదలుపెట్టినప్పుడు యాభయ్యో వందో ప్యాచ్‌లతో తేలిపోతుందని, బిల్డ్ వేగం ఒక ఇరవై శాతం పెరిగితే గొప్పని అనుకున్నారట. తీగ లాగితే డొంకంతా కదిలింది. ఏడాదికి పైగా తవ్వితే తేలింది ఏమిటంటే, కెర్నెల్‌లో ఏ చిన్న ఫైలు కంపైల్ చేయాలన్నా దానికి అవసరమే లేని హెడర్లు గొలుసుకట్టుగా వచ్చి పడుతున్నాయని. ప్రాసెస్ నంబర్లు చూసుకునే పిడ్.సి అన్న ఫైలే తీసుకోండి. మనిషి రాసింది కొన్ని వందల వరుసలు. ప్రీప్రాసెసర్ హెడర్లన్నీ విప్పి కంపైలర్ ముందు పెట్టేసరికి తొంభై వేల వరుసలు దాటింది. కంపైలర్ పాపం ఆ తొంభై వేలూ చదవాలి. చదివి, అందులో ముప్పాతిక పైన పక్కన పడేయాలి. ఆ తర్వాతి ఫైలుకు మళ్లీ మొదట్నుంచి. ఇలా వేలాది ఫైళ్లు.

ఇది ఎవరో ఒకరు చేసిన పాపం కాదు, తిలా పాపం తలా పిడికెడు. షెడ్.హెచ్‌లో ఉన్న టాస్క్_స్ట్రక్ట్‌నే చూడండి. మెషీన్‌లో నడిచే ప్రతి ప్రాసెస్ జాతకమూ అందులో ఉంటుంది. షెడ్యూలర్ వాళ్లకు అందులో ఒక ఫీల్డు కావాలి, సిగ్నళ్ల వాళ్లకు ఒకటి, ట్రేసింగ్ వాళ్లకు ఒకటి, సెక్యూరిటీ వాళ్లకు ఒకటి. పాయింటర్ అయితే ముందస్తు డిక్లరేషన్ ఒక్కటి చాలు. అదే నేరుగా స్ట్రక్టునే లోపల పెడితే దాని పూర్తి నిర్వచనం కావాలి, అంటే దాని హెడర్ కావాలి, ఆ హెడర్‌కు కావాల్సిన హెడర్లూ కావాలి. పైగా ఒక వరుస ఇన్‌లైన్ ఫంక్షన్ కోసం ఇంకో నాలుగు. ఒక్కో ఇంక్లూడ్ చేర్చిన ప్యాచ్ విడిగా చూస్తే సమంజసమే, రివ్యూలో ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఇరవై, ముప్పై ఏళ్లకు అదంతా పోగుపడి, ఇవాళ షెడ్.హెచ్‌లో ఒక కామెంట్ మార్చి మేక్ కొడితే ఇంచుమించు కెర్నెల్ అంతా మళ్లీ కంపైల్ అవుతుంది.

ఇంగో గారు ఆ ముడులన్నీ విప్పి, టాస్క్_స్ట్రక్ట్‌లోంచి ఫీల్డులు బయటికి తీసేందుకు పర్_టాస్క్ అని ఒక ఉపాయం కనిపెట్టి, ఇన్‌లైన్ ఫంక్షన్లను సీ ఫైళ్లలోకి నెట్టి, చివరికి కొలిస్తే 231 సెకన్ల బిల్డ్ 130 సెకన్లకు దిగింది. అది ఆయన దగ్గరున్న పెద్ద మెషీన్ మీద మాట. ఆయనకు మిగిలింది వంద సెకన్లు. నాలుగు కోర్ల వాళ్లకు అదే నిష్పత్తిలో తగ్గితే మిగిలేది గంటకు అటూ ఇటూ ఉంటుంది. నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే: మీ కొలతలో సెకన్లుగా కనపడేది ఇంకొకరి మధ్యాహ్నం.

ఆ ప్యాచ్‌ల వరుస మొత్తంగా మెయిన్‌లైన్‌లోకి రాలేదు. రాకపోవడానికి కారణాలు నాకూ అర్థమవుతాయి, ఇంగో గారి ట్రీని యథాతథంగా కలిపేయండని నేను అడగడం లేదు. వేలకు వేల ఫైళ్లను ఒక్కసారి ముట్టుకుంటే ప్రతి సబ్‌సిస్టమ్ మెయింటెయినర్ ట్రీలోనూ మెర్జ్ కాన్‌ఫ్లిక్టులే. పాత స్టేబుల్ కెర్నెళ్లకు ఫిక్సులు తీసుకెళ్లేవాళ్లకు నరకం. ఒక హెడర్ తీసేస్తే మీ మెషీన్ మీద బిల్డ్ అయినది, ఎవరూ ఊహించని ఆర్కిటెక్చర్‌లో, ఆప్షన్లు చిత్తం వచ్చినట్టు ఎంచే ఏదో రాండ్‌కాన్ఫిగ్‌లో విరుగుతుంది. ఇన్‌లైన్ తీసేస్తే రన్‌టైమ్ వేగం మీద పడొచ్చు. పర్_టాస్క్ ఉపాయం చదవడానికి కొంచెం వికారంగా ఉందన్నవాళ్ల మాటా కొట్టేయలేను. పైగా రెండువేల పైచిలుకు ప్యాచ్‌లు ఎవరు రివ్యూ చేస్తారు?

ముక్కలుగా మాత్రం వచ్చింది, అది మంచి గుర్తు. షెడ్యూలర్ హెడర్ల శుభ్రం 2022లోనే 5.18లోకి వచ్చింది. అదే ఊపులో షెడ్యూలర్‌లోని అనేక చిన్న సీ ఫైళ్లను బిల్డ్_పాలసీ.సి, బిల్డ్_యుటిలిటీ.సి అన్న రెండింటి కిందకు చేర్చారు. అవే హెడర్లను ఫైలుకొకసారి చదివే బదులు కొద్దిసార్లే చదివితే సరిపోయింది. 2024 మొదట్లో కెంట్ ఓవర్‌స్ట్రీట్ హెడర్ల శుభ్రం 6.8లో చేరింది. ఆర్న్‌డ్ బెర్గ్‌మన్ ఇలాంటి పని ఏళ్ల తరబడి చేస్తూనే ఉన్నారు. అంటే మనుషులున్నారు, ఓపిక ఉంది, దారీ తెలిసింది. లేనిది కాపలా. ఒకవైపు వీళ్లు ఊడుస్తుంటే ఇంకోవైపు చెత్త పడుతూనే ఉంటుంది, పడుతోందని చెప్పే గంట ఎక్కడా మోగదు.

గంట లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి 2024 జులై సంగతి చాలు. కెర్నెల్‌లో మిన్, మాక్స్ అని రెండు మాక్రోలు. రెండు సంఖ్యల్లో చిన్నది, పెద్దది చెప్పడం తప్ప ఇంకే పనీ లేదు వాటికి. సైన్డ్, అన్‌సైన్డ్ రకాలు కలిసిపోయి తప్పులు జరక్కుండా వాటి లోపలి తనిఖీలను అంతకు ముందు మెరుగుపరిచారు. ఉద్దేశం మంచిదే, ఒక్క మిన్ వాడితే నష్టమూ లేదు. కానీ మాక్రో తనకిచ్చిన ప్రతి ఆర్గ్యుమెంటునూ తనిఖీల కోసం లోపల చాలాసార్లు రాస్తుంది. మిన్ లోపల మిన్ పెడితే అది హెచ్చవేతగా పెరుగుతుంది. జెన్ వర్చువలైజేషన్ తాలూకు సెటప్.సిలో ఒక వరుస ఉంది, మూడింటిలో చిన్నది చెప్పే మిన్3 మాక్రో, దాని ఆర్గ్యుమెంట్ లోపల ఇంకో మిన్. ఆ ఒక్క సోర్స్ వరుస ప్రీప్రాసెసర్ దాటి బయటికొచ్చేసరికి 47 ఎంబీ అయింది. ఎంబీ, కేబీ కాదు. ఒక సినిమా పాట వీడియో అంత.

అది బయటపడ్డాక మీరే కూర్చుని ఆ మాక్రోలను సరళం చేశారు, కాన్‌స్టెంట్ల కోసం వేరే మాక్రోలు పెట్టారు. చకచకా చేశారు, కాదనను. నా ప్రశ్న వేరు. ఆ వరుస 47 ఎంబీ అయిన రోజునే మనకు ఎందుకు తెలియలేదు? ఎవరికో బిల్డ్ ఎందుకో నెమ్మదించిందని అనుమానం వచ్చి, ఓపిగ్గా తవ్వి, ప్రీప్రాసెస్ చేసిన ఫైలు తెరిచి చూస్తే తప్ప కనపడలేదు. రన్‌టైమ్ వేగం రెండు శాతం పడిపోతే కెర్నెల్ టెస్ట్ రోబోట్ నుంచి మెయిల్ వస్తుంది, ఏ కమిట్ వల్లో పేరుతో సహా. కంపైల్ సమయం పెరిగితే మాత్రం ఆ సంగతి ముందు తెలిసేది ఎవరికి? బలమైన మెషీన్ ఉన్నవాడికి ఆ తేడా కనపడనే కనపడదు. బలహీనమైన మెషీన్ ఉన్నవాడేమో తన లాప్‌టాప్‌నే తిట్టుకుంటాడు.

మీరు 2020 మేలో 5.7 ఆర్‌సీ7 విడుదల చేస్తూ, ఇన్నేళ్ల తర్వాత ఇంటెల్ వదిలి 32 కోర్ల థ్రెడ్‌రిప్పర్‌కు మారానని, ఆల్‌మాడ్‌కాన్ఫిగ్ బిల్డులు మూడు రెట్లు వేగంగా అవుతున్నాయని సంతోషంగా రాశారు. మీ సంతోషం చూసి మేమూ సంతోషించాం. మెర్జ్ విండోలో రోజుకు ఎన్ని పుల్ రిక్వెస్టులు కలుపుతారో, ఒక్కోదానికీ మధ్యలో బిల్డ్ చేసి చూసుకుంటారో అందరికీ తెలుసు. మీకు ఆ మెషీన్ ఉండాల్సిందే. అంతకు చాలా ముందు, 2002 మార్చిలో, ఆంటన్ బ్లాంచర్డ్ పెద్ద ఐబీఎం పవర్4 మెషీన్ మీద 7.52 సెకన్లలో కెర్నెల్ కంపైల్ చేసి చూపించి మీ అందరి చేతా ఔరా అనిపించారు. అప్పటికి కెర్నెల్ నలభై లక్షల వరుసలకు అటూ ఇటూ. ఇప్పుడు నాలుగు కోట్ల దగ్గరుంది. మెషీన్ పెరగడమూ కెర్నెల్ పెరగడమూ ఒకదానితో ఒకటి పోటీ పడ్డాయి. ఆ పోటీలో పెద్ద మెషీన్ల వాళ్లు నెగ్గుకొచ్చారు, చిన్న మెషీన్ల వాళ్లు వెనకబడ్డారు.

మంచి మెషీన్ కొనుక్కో అన్న సలహా ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. డబ్బు మాట అలా ఉంచండి. కోర్లు పెంచినా తగ్గని భాగాలు మీ బిల్డ్‌లో ఉన్నాయి. ఫంక్షన్ల పేర్లూ చిరునామాలూ ఉండే కాల్‌సిమ్స్ పట్టిక కోసం విఎమ్‌లినక్స్‌ను ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ లింక్ చేయాలి, ఎందుకంటే పట్టిక చేరిస్తే చిరునామాలు జరుగుతాయి, చిరునామాలు జరిగితే పట్టిక మారుతుంది. మాడ్యూళ్ల సింబల్స్ సరిచూసే మాడ్‌పోస్ట్ ఒక్క కోరు మీదే నడుస్తుంది. ఒక్క ఫైలు మార్చి మళ్లీ బిల్డ్ కొట్టినవాడికి కంపైల్ రెండు సెకన్లు, మిగిలిందంతా ఈ తతంగమే. అమ్‌డాల్ 1967లో చెప్పిన లెక్కే ఇది: ఒకరి తర్వాత ఒకరు చేయాల్సిన పని ఎంతుందో, అంతకంటే తక్కువకు ఎన్ని కోర్లు పెట్టినా దిగదు. ఆ భాగాలు తగ్గించే పని చేసేవాళ్లకు పేరు రాదు. కొత్త ఫీచరూ కాదు, బగ్ ఫిక్సూ కాదు. కెర్నెల్ బిల్డ్ వ్యవస్థ అయిన కే-బిల్డ్‌ను ఏళ్ల తరబడి మోసిన మసాహిరో యమాడా పేరు కెర్నెల్ వాళ్లు దాటి బయట ఎంతమందికి తెలుసు?

బిల్డ్ వ్యవస్థలో తెలివి లేదనీ అనడం లేదు. కాయ్ గెర్మషెవ్‌స్కీ 2002లో రాసిన ఫిక్స్‌డెప్ ఎంత ముచ్చటైన ప్రోగ్రామో! కాన్ఫిగ్ సింబల్స్ అన్నీ ఒకే హెడర్‌లో ఉంటాయి కాబట్టి ఒక్కటి మార్చినా కెర్నెల్ అంతా మళ్లీ కంపైల్ కావాలి. ఈ ప్రోగ్రాం ఏ సీ ఫైలు ఏయే సింబల్ పేరెత్తుతుందో వెతికి, ఆ ముక్కకే ముడిపెడుతుంది. అందువల్ల ఒక డ్రైవర్ ఆప్షన్ మార్చితే ఆ డ్రైవర్ చుట్టుపక్కలే బిల్డ్ అవుతుంది. నాలుగైదు వందల వరుసల సీ. ఇరవై ఏళ్లకు పైగా లోకంలో ఎందరి సమయమో కాపాడింది. అలాంటి పని చేయించుకోగలిగిన ప్రాజెక్టుకు నేను అడిగేది కష్టమా?

బైసెక్ట్ గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను, ఎందుకంటే ఇందులో మీ స్వార్థమూ ఉంది. ఒక రిలీజుకూ ఇంకో రిలీజుకూ మధ్య పద్నాలుగు వేల కమిట్లు ఉన్నాయనుకోండి. ఎవరి లాప్‌టాప్‌లోనో వైఫై చచ్చిపోయింది. రిపోర్ట్ చేస్తే మీరు మొదట అడిగేది, బైసెక్ట్ చేసి ఏ కమిటో చెప్పమని. సగానికి సగం కోసుకుంటూ వెళ్తే పద్నాలుగు మెట్లు, అంటే పద్నాలుగు బిల్డులు, పద్నాలుగు రీబూట్లు. మెట్టు మెట్టుకూ గిట్ వేల కమిట్లు ముందుకో వెనక్కో దూకుతుంది కాబట్టి ఏదో ఒక పెద్ద హెడర్ మారే ఉంటుంది, బిల్డ్ దాదాపు మొదట్నుంచే. డిస్ట్రో కాన్ఫిగ్‌తో బిల్డుకు రెండు గంటలనుకుంటే ఇరవై ఎనిమిది గంటలు. ఏ డిగ్రీ విద్యార్థి చేస్తాడు? చేయడు. పాత కెర్నెల్‌కే వెళ్లిపోతాడు. బగ్ అలాగే ఉంటుంది, మీకు తెలిసేది ఏ పెద్ద డిస్ట్రోలోనో వేలమంది మీద పడ్డాక. కత్తిరించిన కాన్ఫిగ్‌తో అదే బిల్డు పావుగంటకు దిగితే ఒక ఆదివారం సాయంత్రంలో అయిపోతుంది. బిల్డ్ ఎంత తగ్గితే రిపోర్టుల నాణ్యత అంత పెరుగుతుంది. ఆ రిపోర్టులను వరుసగా పట్టించుకునే లీమ్‌హ్యూస్ గారే పైన చెప్పిన గైడ్ రాయడం ఊరికే జరిగిందని నేను అనుకోను.

ఇక అడగాల్సినవి. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ గైడ్‌ను రీడ్‌మీ మొదటి పేజీకి తెచ్చి, టెథరింగ్ వైరు తగిలించుకోమన్న ముక్క కూడా కలపండి. ఇది ఎవరైనా ఒక పూటలో చేయగల పని, ఈ ఉత్తరం చదివిన తెలుగు విద్యార్థి ఎవరైనా చేస్తే వాళ్ల మొదటి ప్యాచ్ అదే అవుతుంది. కొత్త ఇంక్లూడ్‌ను షెడ్.హెచ్, ఎమ్ఎమ్.హెచ్, ఎఫ్ఎస్.హెచ్ లాంటి అందరూ వాడే హెడర్లలో చేర్చే ప్రతి ప్యాచ్‌కూ, దానివల్ల ప్రీప్రాసెస్ అయిన సైజు ఎంత పెరిగిందో కమిట్ సందేశంలో రాయమనండి. రాయాల్సి వస్తే చాలు, సగం మంది ముందస్తు డిక్లరేషన్‌తో సరిపెట్టుకుంటారు. కొలవడానికి కొత్త సాధనాలేమీ అక్కర్లేదు, ప్రీప్రాసెసర్ అవుట్‌పుట్‌లో వరుసలు లెక్కబెట్టడం ఎవరికి రాదు?

ఇంగో గారి పద్ధతిలో హెడర్ల ముడులు విప్పే ప్యాచ్‌లకు రిలీజుకు ఒక సబ్‌సిస్టమ్ చొప్పున, మెర్జ్ విండో చివర్లో కాస్త చోటు కేటాయించండి. అప్పటికి మిగతావాళ్ల ట్రీలు చాలావరకు కలిసిపోయి ఉంటాయి కాబట్టి కాన్‌ఫ్లిక్టుల గోల తగ్గుతుంది. నెమ్మదిగానే కానివ్వండి. నాలుగైదేళ్లు పట్టినా సరే.

అన్నిటికంటే ముందు ఆ గంట పెట్టండి. ఒక స్థిరమైన కాన్ఫిగ్, ఒక స్థిరమైన కంపైలర్, నాలుగు కోర్లకు కట్టేసిన ఒక మెషీన్. ప్రతి ఆర్‌సీకీ ఒకసారి మొత్తం బిల్డ్, ఒకసారి ఒక్క ఫైలు ముట్టుకుని మళ్లీ బిల్డ్. టెస్ట్ రోబోట్లు నడిపే సంస్థలకు ఇది లెక్కలోకి రాని పని. ఎన్ని నిమిషాలు పట్టిందో, పోయిన ఆర్‌సీకంటే పెరిగిందో తగ్గిందో, ఆ రెండు అంకెలు ప్రతి ఆదివారం మీరు రాసే ఆర్‌సీ ప్రకటన కింద, ఏయే మార్పులు వచ్చాయన్న జాబితా పక్కనే అచ్చు వేయండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక డ్రైవర్ ప్రోగ్రామర్